మధ్యాహ్నం దాకా మౌనం

"ఆ ముసలామె రూము కోసం ఇంకోసారి అడిగితే అంత అరుపా? మీ నోరు అదుపులోకి వచ్చేదాకా మా నాయనతో మన పెళ్లి మాట ఎత్తను!"

తిరుపతిలో ఆ సత్రం ఆఫీసు టైపిస్టు కుముదవల్లి, గుమాస్తా సంపత్కుమార్‌ను అలా కడిగేసింది. అతనికి రాత్రి అన్నం సయించలేదు. అమ్మాయి అన్నది నిజమే మరి.

కొత్త సంవత్సరం నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం దాకా మౌనంగా కూర్చుని, తనలోకి తాను చూసుకోవాలనుకున్నాడు.

"మన సంవత్సరాది ఉగాది కదరా!" అని వాళ్లమ్మ నవ్వింది.

ఎనభైనాలుగు జనవరి ఒకటి ఆదివారమే అయింది. ఆవిడ ధనుర్మాసం పొంగలికని గుడికి వెళ్లగానే, కుముద తండ్రి శఠగోపం అయ్యవారు వచ్చాడు. సంపత్ సాష్టాంగపడ్డాడు.

"మా పాప నీ పేరే చెప్పిందప్పా. ఈమధ్య మెత్తగా మాట్లాడతా ఉండావంట. నీకిష్టమేనా?"

సంపత్ ఆనందం పట్టలేక మళ్లీ సాష్టాంగపడ్డాడు. అక్కడే వచ్చింది తంటా. వాళ్ల వైష్ణవుల ఇళ్లలో పెద్దలు వచ్చినప్పుడొకసారి, సెలవు తీసుకునేటప్పుడొకసారి అలా సేవిస్తారు. ఇక వెళ్లి రమ్మంటున్నాడనుకున్నాడు పెద్దాయన.

"సరేలేప్పా. చిత్తూరు సంబంధం వాళ్లకే మాటిచ్చేస్తా."

సంపత్ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. మొదటి రోజే వ్రతం చెడితే తనేం మారినట్టు? చేతులూపుకుంటూ వెంటపడ్డాడు. ఆయన వెనక్కి చూస్తేగా!

బస్టాండులో చిత్తూరు బస్సు బయల్దేరబోతోంది. శఠగోపం ఫుట్‌బోర్డు మీద ఉన్నాడు. సాగనంపడానికి వచ్చిన కుముద కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దిగండి అయ్యవారూ! నాకు కుముదే కావాల!"

బస్సులో తలలన్నీ తిరిగాయి.

"ఇంట్లో నోరు మెదపలేదేమప్పా?"

"మౌనవ్రతం స్వామీ. కోపం తగ్గించుకుందామని..."

కుముదకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అదుపులో పెట్టుకోమంటే కుట్టేసుకున్నారా?"

"వ్రతం చెడకూడదనే చూసినాను గానీ, మీ నాయన ఎంత నొచ్చుకున్నాడో చూడలేదు. ఇంకా మారాల్సింది చానా ఉండాది కుముదా. నువ్వు పక్కనుండి చెప్తావా?"

ఆమె తండ్రి వైపు చూసి తల దించుకుంది. సిగ్గంతా చెంపల మీదే ఉంది.

కండక్టర్ విసుక్కున్నాడు. "ఎక్కేది సూడు సామీ, టైమైపోయింది!"

శఠగోపం నింపాదిగా కిందికి దిగాడు.

"రైట్ చెప్పుకోప్పా. నాకు చిత్తూర్లో పన్లేదు."