చివరి ముద్ద

పన్నెండు కొట్టగానే కాకినాడ అంతా భోజనబిళ్ళ మింగేసి, మూతి తుడుచుకుని మళ్ళీ పనిలో పడింది. హైమవతి కూడా తనిఖీకి వచ్చిన ఇంటి మెట్లెక్కుతూనే తన బిళ్ళ మింగింది. ఈ బిళ్ళలొచ్చి ఇరవై ఏళ్ళు. వంటగదులు పాత సామాన్ల గదులైపోయాయి. కుక్కలకూ బిళ్ళలే. వాటిలో కొత్తది 'కీలుసిరి'. నలభై రోజుల్లో ముసలి కుక్క మళ్ళీ పిల్లవుతుందని పొట్లం మీద రాసుకున్నారు, రాయడానికి చెయ్యెలా వచ్చిందో! ఆ మాట నిజమో కాదో తేల్చడం హైమవతి ఉద్యోగం.

పరీక్షకు తీసుకున్న అరవై కుక్కల్లో యాభై తొమ్మిది ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. గవ్వ అనే కుక్క ఒక్కటే లేచి తిరుగుతోంది. కుక్కల మెడలో ఉండి అడుగుల్ని కొలిచి నూటికి ఇంత అని అంకె వేసే పట్టీని నడకమాని అంటారు. గవ్వ నడకమానిలో అంకె పన్నెండు నుంచి డెబ్బైకి పెరిగింది. కంపెనీవాళ్ళు ఊరంతా దాని బొమ్మే పెట్టేశారు.

గవ్వను పెంచుతున్న పేర్రాజు ఒకప్పుడు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. భార్య పోయి రెండేళ్ళయింది. ఆయన తలుపు తీయగానే ఉడుకన్నం వాసన వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కలిపి పెట్టిన చారన్నం గుర్తొచ్చి హైమవతి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ వాసన మరిచిపోయి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు.

బిళ్ళల డబ్బా చూపించమంటే పేర్రాజు గవ్వను దగ్గరికి లాక్కున్నాడు. పరీక్ష ముగిసేసరికి అంకె ముప్పై దాటని కుక్కల్ని సంరక్షణశాలకు పట్టుకుపోతారు. అక్కడినుంచి తిరిగొచ్చిన కుక్కను ఎవరూ చూడలేదు. రోజూ 'బిళ్ళ పెట్టాను' అని తాను పంపిన కబురంతా అబద్ధమని తేలితే గవ్వనూ తీసుకుపోతారేమోనని ఆయన భయం. చివరికి అటక మీది డబ్బా దించాడు. మొదటి రోజు గవ్వ ఉమ్మేసిన ఒక్కటీ తప్ప బిళ్ళలన్నీ అందులోనే ఉన్నాయి.

"తప్పు నాదండి. దీన్ని మాత్రం తీసుకెళ్ళకండమ్మా" అన్నాడు.

మరేం పెట్టారని అడిగింది. పెరుగన్నమట. ఆయన భార్య తాను తిన్నాక చివరి ముద్ద కుక్కకు తీసిపెట్టేది. ఆవిడ పోయాక పొయ్యి వెలగలేదు. ఈయన బిళ్ళతో సరిపెట్టుకున్నాడు, గవ్వ మూలన పడింది. బిళ్ళ ఉమ్మేసిన రోజున ఆ ముద్ద గుర్తొచ్చి గిన్నె వెతికి తీశాడు. బియ్యం దొరికేది రేవు దగ్గర ఒక్క కొట్లోనే. ఏ రోజు గింజలు ఆ రోజే తెచ్చుకోవడానికి రోజూ అంత దూరం నడుస్తున్నాడు. మొదట్లో గవ్వ వీధి చివరిదాకా కుంటుకుంటూ వచ్చేది, ఇప్పుడు ముందే పరిగెడుతోంది.

"మరి మీరూ అన్నమే తింటున్నారా?"

"నేను తినకుండా చివరి ముద్ద ఎక్కణ్ణుంచి వత్తాదండి?"

హైమవతి అప్పుడు చూసింది ఆయన్ని సరిగ్గా. ఫైల్లోని మొదటిరోజు ఫొటోలో ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేదు. ఇప్పుడు చెంపలు నిండాయి. ఆయన మెడలో ఎవరూ ఏ పట్టీ కట్టలేదు మరి.

పేర్రాజు రెండో కంచం పెట్టాడు. బిళ్ళ మింగి గంట కాకపోయినా ఆమె కూర్చుంది. కలపడం చేతకాక మెతుకులు ఒలికాయి, కళ్ళలో నీళ్ళొచ్చాయి. చివరి ముద్ద గవ్వకు పెట్టింది. ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఎడమచేత్తో వంకరటింకరగా నివేదిక రాసింది.

కీలుసిరి: పని చేయదు. గవ్వ: ఇంట్లోనే ఉండాలి. మందు: అన్నం. మోతాదు: రోజుకొక ముద్ద, మనిషి తిన్నాక.