పంపుహౌస్‌లో చప్పుడు

శవం పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. అందులో బరువైన స్పానర్ ఉంది.

సాయంత్రం 4:05. వాననీటి పంపుహౌస్. వాననీళ్లు చేరే బావి జాలీకి తగులుకుని తేలిన మనిషిని అందరూ చేప అనేవారు. ఎంత ఇరుకు పైపులోనైనా దూరి, పూడిక తీసి, నవ్వుతూ బయటికి వచ్చేవాడు. ఈసారి రాలేదు.

బావిలోకి దిగే ఇనప మూతకు బయటినుంచి తాళం వేసి ఉంది. అంటే ప్రమాదం కాదు.

ఇన్‌స్పెక్టర్ శవం పక్కనే గొంతుక్కూర్చుంది. స్టేషన్‌లో ఆవిడని చాటుగా గడియారం మేడమ్ అంటారు. ఎవరేం చెప్పినా "ఎన్నింటికి?" అని అడగనిదే వదలదు.

"కుడి అరచేతిలో బొబ్బలున్నాయి," అన్నాడు డాక్టర్. "కొన్ని చితికాయి కూడా."

ఆవిడ రాసుకుంది.

మూత తాళంచెవులు రెండే. ఒకటి సూపర్‌వైజర్ దగ్గర. రెండోది ఆపరేటర్ దగ్గర. రిటైర్మెంట్‌కి ఆర్నెల్లున్న ఆ ఆపరేటర్ని అందరూ పెద్దాయన అంటారు.

ముందు పెద్దాయనను కూర్చోబెట్టింది.

"డ్యూటీకి ఎన్నింటికొచ్చావు?"

"రెండున్నరకి మేడమ్."

"మూత?"

"వేసే ఉంది. లోపల ఎవరూ లేరనుకున్నా."

"పంపులు?"

"ఆగున్నాయి. నీళ్లు తగ్గితే వాటంతటవే ఆగుతాయి, పెరిగితే నడుస్తాయి. కొత్తేం కాదు. 3:06కి అలారం మోగింది. ప్యానెల్ గది తెరిచి చూస్తే స్విచ్ ఆఫ్‌లో ఉంది. నేనే ఆన్ చేశా."

"అంతకు ముందు ఏమైనా విన్నావా?"

"చప్పుడు మేడమ్. పైపులోంచి. టంగ్... టంగ్... అరగంట పాటు."

"వెళ్లి చూడలేదా?"

"రెండేళ్ల కిందట ఆ పైపులోనే ఒకడు పోయాడు. వాన పడితే వాడు తడతాడని అంటారు. నాకు భయమేసింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వాపుకోలేక దగ్గాడు.

సూపర్‌వైజర్ మాట నిక్కచ్చిగా ఉంది. "2:20కి బయల్దేరాను. అప్పుడు పంపులు నడుస్తున్నాయి, మూత తెరిచే ఉంది. 2:40 నుంచి నాలుగింటిదాకా హెడ్డాఫీసు మీటింగ్‌లో ఉన్నాను. పన్నెండుమంది చూశారు."

చూశారు. పన్నెండుమందీ అదే చెప్పారు.

ఇక పంపులు ఎన్నింటికి ఆగాయన్నదే తేలాలి. చేత్తో స్విచ్ ఆపితే కంప్యూటర్‌కి తెలియదు. నీటిమట్టం మీటరు పాడై నెల దాటింది. మిగిలింది 3:06కి మోగిన అలారం ఒక్కటే.

లెక్క తేల్చడానికి ఒక ఇంజనీరును పిలిపించారు. పాతికేళ్లుంటాయి. మోడల్ అమ్మాయి అని పేరు పెట్టేశారు అప్పుడే.

"పంపుహౌస్‌ని కంప్యూటర్లో కట్టడాన్ని మోడలింగ్ అంటాం మేడమ్. మా అమ్మకు ఇప్పటికీ ఇది అర్థం కాలేదు. చుట్టాలందరికీ నేను చీరల ప్రకటనల్లో వస్తానని చెప్పింది."

స్క్రీన్ తిప్పి చూపించింది. "బావిలో పట్టేది నూట ఇరవై ఘనమీటర్లు. ఆ మధ్యాహ్నం పడిన వానకి నిమిషానికి ఇరవై వచ్చాయి. ఆరు నిమిషాల్లో నిండుతుంది. అలారం 3:06కి మోగింది కాబట్టి పంపులు ఆగింది మూడింటికి."

మూడింటికి పంపుహౌస్‌లో ఉన్నది పెద్దాయన ఒక్కడే. స్విచ్ మీద ఆయన వేలిముద్రలు. జేబులో తాళంచెవి. ఆ సాయంత్రమే సంకెళ్లు పడ్డాయి.

చేప అక్క స్టేషన్‌కి వచ్చింది. ఏడవలేదు.

"రేపు ఎంక్వైరీ ఉంది మేడమ్, ఆ రెండేళ్ల కిందటి చావు మీద. మావాడు సాక్ష్యం చెప్పాలి. ఆ కుర్రాణ్ణి వానలో దిగమన్న కాగితం వీడికి దొరికింది."

"కాగితం మీద సంతకం ఎవరిది?"

"చెప్పలేదు. రేపు తెలుస్తుందిలే అక్కా అన్నాడు." ఆమె కొంగు అంచు పట్టుకుంది. "ఆరు నిమిషాల్లో అయిపోయిందట కదా. పోనీలెండి. ఎక్కువసేపు అవస్థ పడలేదు."

ఇన్‌స్పెక్టర్ తల ఊపబోయి ఆగిపోయింది.

బొబ్బలు. ఆరు నిమిషాల్లో అరచేయి చితికే బొబ్బలు ఎలా వస్తాయి?

మర్నాడు పొద్దున 9:10కి ఇన్‌స్పెక్టర్ మోడల్ అమ్మాయి ముందు కూర్చుంది.

"ఆరు నిమిషాల్లో బావి నిండితే, అరగంట తట్టిందెవరు?"

"దెయ్యమేమో..." అంది అమ్మాయి, నవ్వబోయి.

"బావిలోకి వచ్చే పైపు ఎంత ఉంటుంది?"

"నిలువెత్తు. నాలుగువందల మీటర్ల పొడవు."

"పంపులాగితే నీళ్లు బావిలోనే పేరుకుంటాయా? వెనక్కి పైపులోకి పోవా?"

అమ్మాయి చేయి మౌస్ మీదే ఉండిపోయింది.

"నీ లెక్కలో ఆ పైపు ఉందా?"

"లేదు. సూపర్‌వైజర్ గారు బావి డ్రాయింగ్ ఒక్కటే ఇచ్చారు. పైపు లెక్క అక్కర్లేదమ్మా, అది నీళ్లొచ్చే దారే కదా అన్నారు. నేనూ సరేననుకున్నా."

మూడోరోజు మళ్లీ అలాంటి ముసురే పట్టింది. మధ్యాహ్నం 1:30కి నలుగురూ, వెనక కానిస్టేబులూ పంపుహౌస్‌లో నిలబడ్డారు. సూపర్‌వైజర్ గొడుగు దులిపి మూలన పెట్టాడు. పెద్దాయన చేతులకు సంకెళ్లున్నాయి. మోడల్ అమ్మాయి వర్షమాపకం చూసి, ఆ రోజుతో సమానంగానే ఉందని తలూపింది.

"ఆపండి," అంది ఇన్‌స్పెక్టర్. పంపులు నిట్టూర్చినట్టు ఆగాయి. 1:32.

రెండు నిమిషాల్లో నీళ్లు గబగబా పైపు నోటిదాకా వచ్చాయి. అక్కడినుంచి మందగించాయి. పైపు చీకట్లోకి వెనక్కి పాకుతున్నాయి. ఎవరో లోపల ఊపిరి పీలుస్తున్నట్టు సన్నటి శబ్దం.

1:38. ఆరు నిమిషాలు. అలారం మోగలేదు.

1:50. మోగలేదు. గోడలు చెమ్మగిల్లాయి. పెద్దాయన పైపు వైపు చూడలేక కళ్లు మూసుకున్నాడు.

రెండు దాటింది. సూపర్‌వైజర్ కాలర్ వదులు చేసుకున్నాడు.

2:26కి అలారం అరిచింది.

"యాభై నాలుగు నిమిషాలు," అంది ఇన్‌స్పెక్టర్. "బావి నూట ఇరవై. పైపు దగ్గర దగ్గర వెయ్యి. ఆ పైపు అంతా నిండితేగాని అలారం మోగదు. అలారం 3:06కి మోగింది. అంటే పంపులు ఆగింది?"

"2:12కి," అంది మోడల్ అమ్మాయి మెల్లగా.

"పెద్దాయన రెండున్నరకి వచ్చాడు. 2:12కి ఇక్కడున్నది మీరూ, లోపలున్న చేపా. 2:20కి పంపులు నడుస్తున్నాయన్నారు మీరు. ఆగి ఎనిమిది నిమిషాలైంది సార్ అప్పటికి. మూత వేసి, స్విచ్ ఆపి, మీటింగ్‌కి వెళ్లారు. ముప్ఫై ఏళ్లు ఈ నీళ్లతో ఉన్న మనిషి, పైపు ఎంత నీరు దాచుకుంటుందో తెలియకే దాన్ని లెక్కలోంచి తీసెయ్యమని అమ్మాయికి చెప్పారా?"

సూపర్‌వైజర్ మూలనున్న గొడుగు అందుకోబోయాడు.

"నీళ్లు పెరిగేకొద్దీ వాడు పైపులో వెనక్కి వెనక్కి నడిచాడు. పైపు అవతలి చివరనున్న మూత మీద ఎప్పుడో రోడ్డు వేసేశారు. స్పానర్‌తో కొట్టాడు. చేయి చితికేదాకా కొట్టాడు."

"కాగితం చింపెయ్యమన్నాను," అన్నాడు సూపర్‌వైజర్ నేల చూస్తూ. "కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. చచ్చినవాడికి సమాధానం చెప్పాలన్నాడు."

జీపు ఆయన్ని తీసుకుపోయింది. మోడల్ అమ్మాయి మెట్ల మీద కూర్చుని, చేప అక్కకు ఆ ఆరు నిమిషాల మాట తప్పని తనే వెళ్లి చెబుతానంది. వద్దన్నా వినలేదు.

కానిస్టేబుల్ పెద్దాయన సంకెళ్లు తీశాడు. ఆయన కదల్లేదు.

"ఇంటికెళ్లు పెద్దాయనా. నీ తప్పేం లేదని రాసేశాను."

"అయితే అది దెయ్యం కాదా మేడమ్?"

ఆవిడ నోటుబుక్ మూసింది.

"నేనొచ్చేటప్పటికి బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"తాళంచెవి నా జేబులోనే ఉంది." ఆయన తన మణికట్టు వైపు చూసుకున్నాడు. "చప్పుడు వినబడకూడదని రేడియో పెట్టుకున్నా. వాడు గట్టిగా కొట్టినకొద్దీ సౌండ్ పెంచా."

ఆయన రెండు చేతులూ కలిపి మళ్లీ కానిస్టేబుల్ ముందుకు చాపాడు.