కర్ఫ్యూనాటి తాళం

పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుంది దర్జీ అమ్మ. బడిపిల్లల యూనిఫాం చొక్కాలకు కాలర్లు వేయాల్సిన పని నెత్తి మీద ఉంది. సూదిలోకి దారం ఎక్కించిందో లేదో, కూతురు వచ్చి చొక్కాల గుట్టను పక్కకు తోసి, ఫోను మిషను మీద పెట్టి రికార్డింగ్ నొక్కింది.

"మీ వయసు, వృత్తి చెప్పండి."

"ఏంటే ఆ మాటలు? మీరేంటి, చెప్పండేంటి?"

"రికార్డింగ్ నడుస్తున్నంతసేపూ నేను నీ కూతుర్ని కాదమ్మా. నువ్వు సాక్షివి. సొంతవాళ్లనైనా పరాయివాళ్లలాగే అడగాలని మా గైడుగారి పద్ధతి."

పద్ధతట, పద్ధతి! నిన్న సాయంత్రమే జడ వెయ్యమని వెనక్కి తిరిగి కూర్చున్న పిల్ల ఇది. సమకాలీన చరిత్ర, రాజకీయాల్లో ఎమ్మే చివరి ఏడాది చదువుతోంది. అమ్మ పుట్టింటి ఊళ్లో ఒకప్పుడు కర్ఫ్యూ పెట్టి కాల్పులు జరిపారు. దాని మీదే ఈమె థీసిస్. ఆ కాల్పుల్లో పోయినవాడు అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

ఊరేగింపులో జెండా పట్టుకుని ముందు నడుస్తూ పోయాడని అమ్మ చెబుతూ వచ్చింది. అది పచ్చి అబద్ధం. జ్వరంతో ఒళ్లు కాలిపోయి, ఫిట్సుతో కొట్టుకుంటున్న పసిపిల్లకు మందు తేవడానికి వెళ్లాడు వాడు. ఆ పసిపిల్లే ఇప్పుడు ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. తన వల్ల ఒక ప్రాణం పోయిందన్న బరువు పిల్ల మీద పడకూడదని అమ్మ ఇన్నాళ్లూ ఆ జెండా కథ మోసింది.

"మీ తమ్ముడు ఎలా చనిపోయాడు?"

"చెప్పానుగా. ఊరేగింపులో."

"ఆ రోజు ఊరేగింపే జరగలేదు. పాత పేపర్లన్నీ తిరగేశాను. మందుల షాపు తాళం పగలగొట్టి బయటికొస్తుంటే కాల్చారట. విచారణ నివేదికలో దొంగ అనే రాశారు."

మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది.

"వాళ్లు సవాలక్ష రాసుకుంటారు."

"తాళం పగలగొట్టాడా, లేదా? అది చెప్పండి చాలు."

"పగలగొట్టాడు."

"మరి! వీరుడి మేనకోడల్నని అందరి దగ్గరా గొప్పలు పోయాను. సెమినార్లో పగలబడి నవ్వారు, తెలుసా? మందుసీసాలు ఎత్తుకెళ్లే వీరుడా అని! నా పరువు తీశావమ్మా."

"ఆ మాట మాత్రం రాయకు తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటాను."

"రాస్తాను. నీ ఏడుపులు చూసి చరిత్ర మార్చమంటావా?"

చచ్చినవాడిని మళ్లీ చంపనివ్వాలా? బతికున్నదాని గుండె మీద బండ పెట్టాలా? అమ్మ చొక్కా కాలరు పట్టుకుని అలాగే కూర్చుంది. పోనీలే, వాడికి వినబడదుగా అనుకుంది. దేవుడా, ఎంత మాట అనుకుంది!

కూతురు ఫోను ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"ఆయనకి అంతకుముందు కూడా చేతివాటం ఉండేదా?"

అంతే. అమ్మ చేతిలో కాలరు కింద పడింది.

"రాసుకోండి మేడమ్," అంది. "మొదటిసారి వెళ్తే షాపువాడు భయపడి మేడ దిగి రానన్నాడు, వాడు ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఇంట్లో పిల్ల కళ్లు తేలేసింది. ఎలాగైనా పట్రా అని వాణ్ణి రెండోసారి తోసింది నేనే. తాళం పగలగొట్టాడు. కాల్చారు. పక్కింటి నర్సు వాడి జేబులోంచి సీసా తీసి తెచ్చింది. నా తమ్ముడి శవం గుమ్మంలోకి రాకముందే, సీసాకి అంటిన నెత్తురు కొంగుతో తుడిచి ఆ మందు నీ నోట్లో పోశాను. నేనంటే అమ్మమ్మకి ఎందుకు పడదమ్మా అని చిన్నప్పుడు ఏడ్చేదానివే! చచ్చేదాకా ఆవిడ నిన్ను ఎందుకు ఎత్తుకోలేదో ఇప్పుడు తెలిసిందా?"

కూతురి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. అయినా అలవాటైన నోరు ఊరుకుంటుందా?

"దీనికి... ఆధారం ఏమైనా ఉందా?"

అమ్మ ఆమె వంక చూసింది.

"నువ్వేనే."

ఫోను ఆపకుండానే కూతురు కుర్చీలోంచి జారి అమ్మ ఒళ్లో తల పెట్టి, "నేనెంత మాట అన్నానమ్మా, మామయ్యని ఎంత మాట అన్నానే!" అని వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మ చెయ్యి వెంటనే ఆమె తల మీదికి రాలేదు. వాడు బతికుంటే ఎలా ఉండేవాడోనని గోడ వంకే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి, చెదిరిన ఆ జడను చేతిలోకి తీసుకుంది.

"తాళం పగలగొట్టాడనే రాయి," అంది. "ఎవరి కోసమో కూడా రాయి."