పెద్దమనిషి ఎప్పుడయ్యారు?

"పెద్దమనిషి ఎప్పుడయ్యారండీ?"

తలుపు తీయగానే నాకెదురైన ప్రశ్న ఇది. గుమ్మంలో ఒక అమ్మాయి తల వంచుకుని, ట్యాబ్ మీద పడ్డ వాన చినుకులు తుడుచుకుంటోంది. అక్కే తలుపు తీసిందనుకుంది.

"ఇంకా అవలేదండీ. మా అమ్మకు అదే దిగులు" అన్నాను.

తలెత్తి చూసి చెవులదాకా ఎర్రబడింది. "అయ్యో, సారీ! అది మీ అక్కగారికి... రజస్వల..."

"అర్థమైంది. ముందు లోపలికి రండి, తడిసిపోతున్నారు."

అక్క రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకుని మళ్లీ ఉద్యోగానికి వెళ్తోంది. చిన్నప్పటి తిండికీ ఎదుగుదలకూ, పెద్దయ్యాక వచ్చే ఆ జబ్బుకూ లంకె ఉందా అన్నది ఈ అమ్మాయి రీసెర్చ్. అక్క ముందే ఫోన్‌లో సరేనంది. కానీ పసితనం కబుర్లు చెప్పాల్సింది అమ్మ.

అమ్మ ససేమిరా అంది. వంటింట్లోంచి కదల్లేదు. ఆ అమ్మాయే అక్కడికి వెళ్లేసరికి అమ్మ ఇక దాచుకోలేకపోయింది.

"బక్కగా ఉందని పాలూ వెన్నా కుక్కి కుక్కి పెట్టాను. దానికి జబ్బు నావల్లే వచ్చిందా తల్లీ?"

అమ్మ ఇన్నాళ్లూ ఇంత బరువు మోస్తోందని నాకు తెలియనే తెలియదు.

ఆ అమ్మాయి ట్యాబ్ పక్కన పెట్టేసింది. "ఆంటీ, ఎంతోమంది అమ్మల్ని అడిగి, అన్నీ కలిపి చూస్తే మాకు ఏదో కాస్త తెలుస్తుంది. ఫలానా మనిషికి ఫలానా తిండివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మీరు బిడ్డ ఆకలి తీర్చారు. అందులో తప్పేముంది?"

అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మాటలు మొదలెట్టింది. ఇక ఆపితే ఒట్టు! ఒక్కపూటలో తేలాల్సిన ప్రశ్నలు ఆదివారాలకు ఆదివారాలు సాగాయి. ఏదో అడగడం మర్చిపోయానంటూ ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ వచ్చేది.

"ఇంకా ఎన్ని ప్రశ్నలు మర్చిపోయారేంటి?" అన్నాను ఒకరోజు ఆ అమ్మాయితో.

"ప్రశ్నలు ఎప్పుడో అయిపోయాయి" అంది మెల్లగా. "మీకే ట్యూబ్‌లైట్ వెలగలేదు."

"వెలిగింది. చెప్పడానికే ధైర్యం చాల్లేదు. మీరంటే నాకిష్టం."

జవాబు చెప్పేలోపే అమ్మ భోజనానికి పిలిచింది. పిలవడమే కాదు, గిన్నె పట్టుకుని ఆ అమ్మాయి పక్కనే నిలబడింది. అక్క జబ్బుపడ్డాక అమ్మ ఎవరికీ కొసరి వడ్డించగా నేను చూడలేదు.

"చాలు ఆంటీ!"

"ఈ ఇంట్లో ఆ మాట చెల్లదమ్మా."

ఆ అమ్మాయి నావైపు చూసి, కంచం ముందుకు జరిపింది.

"అయితే అలవాటు చేసుకుంటాను, అత్తయ్యా."