పోశం పడవ ఎక్కిన ఆదివారం

గేటు చప్పుడైతే చాలు, పోశం మంచమెక్కాలి. ఆ ఇంట్లో కొడుకు సదానందం పెట్టిన రూలు అది.

ఆ శనివారం పొద్దున పోశం లుంగీ ఎగ్గట్టి, క్వార్టర్ ముందు మిరప మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. భార్య సారక్క గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. వీధి మలుపులో పక్క లైను ఆగయ్య కనిపించాడో లేదో, నోట్లో బ్రష్షుతోనే సదానందం పరుగెత్తుకొచ్చాడు.

"బాపూ, జల్ది లోపలికి నడు! ఆగయ్య కాక వస్తుండు. పండుకొని దుప్పటి కప్పుకో. దగ్గుడు మరిచిపోకు!"

పోశం చెంబు కింద పెట్టి, దొంగతనం చేసినవాడిలా తల వంచుకుని లోపలికి వెళ్లాడు. సొంత ఇంట్లో, సొంత మిరప మొక్కల దగ్గర! సారక్కకు ఒళ్లు మండిపోయింది.

పోశం ఇన్నేళ్లూ భూమి లోపల బొగ్గు తవ్వాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని మెడికల్ బోర్డు వాళ్లు అన్‌ఫిట్ రాశారు. కంపెనీ రూలు ప్రకారం ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. గోదావరిఖనిలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. కాకపోతే పోశం మనిషి చూడటానికి పహిల్వాన్‌లా ఉంటాడు. వెడల్పాటి ఛాతీ, గుబురు మీసం. అన్‌ఫిట్ అంటే ఎవరూ నమ్మరు. నమ్మనివాళ్లలో కన్నకొడుకు కూడా ఉన్నాడు. ఏదో కొంచెం ఉంటే బోర్డు వాళ్లు కనికరించారని అతని లెక్క. ఎక్కడో ఎవరి మీదో దొంగ అన్‌ఫిట్ అని ఆకాశరామన్న అర్జీ పెట్టారని, ఎంక్వైరీ వచ్చిందని బొగ్గు బాయి దగ్గర చెప్పుకోగా విన్నప్పటి నుంచి అతనికి నిద్ర కరువైంది. తండ్రి ఎవరి కంటా పడకూడదు, పడితే మంచం మీదే పడాలి.

"ఏం సదానందం, మీ బాపు ఎట్లున్నడు?" గేటు దగ్గర ఆగి అడిగాడు ఆగయ్య.

"ఎట్లుంటడు కాకా, మంచం మీదనే."

లోపలి నుంచి దగ్గు వినిపించింది. ఆగయ్య తడిసిన మొక్కల వైపు, గడప దాకా ఉన్న తడి అడుగుల వైపు చూసి, "మంచిది, మంచిది" అనుకుంటూ ముందుకు కదిలాడు. అతను పోయినా దగ్గు ఆగలేదు.

"పోయిండు బాపూ, ఇగ చాలు!" అని నవ్వాడు సదానందం.

సారక్క లోపలికి చూసింది. పోశం ఒక చేత్తో మంచం కోడు పట్టుకుని, రెండో చేత్తో చెప్పొద్దని సైగ చేస్తున్నాడు. అంతే, ఆమె ఒళ్లోని చేటను పక్కకు విసిరింది. చిక్కుడుకాయలు వాకిలంతా చెదిరాయి.

"ఓ ఆగయ్యన్నా! ఒక్కసారి ఇటు రా!"

ఆగయ్య ఉలిక్కిపడి వెనక్కి వచ్చాడు. "ఏంది చెల్లె?"

"రేపు మేం పట్నం పోతున్నం. నేను, మా ఆయన. ట్యాంక్‌బండ్ మీద తిరుగుతం, పడవెక్కి బుద్ధుని కాడికి పోతం. ఎవలన్న అడిగితే చెప్పు. అడగకున్నా చెప్పు!"

ఆగయ్య తల ఊపి గబగబా నడిచాడు. అతను మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, సదానందం తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"అవ్వా, నీకేమన్న పిచ్చి లేసిందా? పొద్దుమూకేసరికి కాలనీ మొత్తం తెలుస్తది. అన్‌ఫిట్ అయినోడు పట్నంల పడవలెక్కి తిరుగుతుండంటే నా నౌకరి ఉంటదా?"

"ఎందుకుండది? మీ బాపు ఏం తప్పు చేసిండు? బోర్డోళ్లు బాయి దిగద్దన్నరు. పడవ ఎక్కద్దన్నరా?"

"జనం గట్లనుకోరే!"

"జనం అనుకుంటరని నా మొగనికి జైలా? గాలికి బయట కూసోనియ్యవు, హోటల్‌ల చాయ తాగనియ్యవు. నీ పెండ్లి చూపులకు గూడ గీ మంచాన్ని ఎత్తుకపోతవా ఏంది?"

పోశం లోపలి నుంచి మెల్లగా అన్నాడు. "ఊకోరాదే. వానికి ఇష్టం లేకుంటే..."

"నువ్వు మాట్లాడకు! బుద్ధుని నీళ్లల్ల నిలవెట్టిన నాడు టీవీల చూసి ఏమన్నవ్? నిన్ను పడవల తీస్కపోత అన్నవా, అనలేదా? ఒకసారి డ్యూటీ అన్నవ్, ఒకసారి సమ్మె అన్నవ్, ఇంకోసారి మీ చెల్లె పెండ్లి అన్నవ్. ఇప్పుడు కొడుకు అంటున్నవ్. నడవగలిగిన నాడే పోవాలె. రేపు పోతున్నం, అంతే."

ఆమె చెదిరిన చిక్కుడుకాయలు ఏరుకుంటూ కళ్లు తుడుచుకుంది. సదానందం అది కోపమనుకున్నాడు. కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగి, "అయితే నేను గూడ వస్త" అన్నాడు. తల్లిదండ్రుల మీద ప్రేమతో కాదు, కాపలా కోసం.

మర్నాడు తెల్లవారుజాము బస్సులో సదానందం తండ్రి ముఖానికి తువాలు చుట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. సారక్క మాత్రం పెద్దపల్లి దాటకముందే చుట్టూ ఉన్న సీట్ల వాళ్లతో చుట్టరికం కలిపేసింది.

"మాది ఖని. మా ఆయన బాయిల చేసి అన్‌ఫిట్ అయిండు. గిప్పుడు బుద్ధుని చూడవోతున్నం."

"అవ్వా, మెల్లగ!" అని పళ్లు కొరికాడు సదానందం.

"ఎందుకు మెల్లగ? నేనేమన్న తిడుతున్ననా?"

జూబ్లీ బస్టాండులో దిగి, ఆటోలో లుంబినీ పార్కు చేరేసరికి ఎండ బాగా ముదిరింది. హుస్సేన్‌సాగర్ గాలి గుప్పున తగిలింది. సదానందం ముక్కు మూసుకుని, "గీ మురుగు వాసనకా ఇంత దూరమొచ్చినం?" అన్నాడు.

"వాసనొస్తే రానీ. నీకు పాలు తాపినప్పుడు నువ్వు అత్తరు లెక్క వాసనొచ్చినవా?" అంది సారక్క. టికెట్ల వరుసలో నిలబడ్డవాళ్లు పకపక నవ్వారు.

పడవ కదిలింది. పోశం రేకు అంచు పట్టుకుని నీళ్లనే చూస్తున్నాడు. ఎదురుగా బుద్ధుడు మెల్లగా పెద్దవాడవుతున్నాడు. గాలికి తువాలు జారింది. సదానందం వెంటనే లేచి మళ్లీ చుట్టాడు. సారక్క కొంగుతో తల కప్పుకుని, భర్త భుజానికి ఆనుకుని కూర్చుంది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో నలుగురిలో అలా కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి.

విగ్రహం దగ్గర దిగాక కొన్ని మెట్లున్నాయి. జనం చకచకా ఎక్కిపోతున్నారు. పోశం రెండు మెట్లెక్కి కమ్మీ పట్టుకున్నాడు. దగ్గు మొదలైంది.

సదానందం తండ్రి చెవి దగ్గరికి వంగి నవ్వాడు. "ఇగ చాలు బాపూ. గిక్కడ మనోళ్లు ఎవ్వరు లేరు. దగ్గకున్నా నడుస్తది."

పోశం ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. తువాలు మెడ మీదికి జారింది. పెదాలు నల్లబడ్డాయి, మెడ నరాలు తేలాయి, ఆ వెడల్పాటి ఛాతీ ఎంత ఎగిరినా గాలి అందడం లేదు. సారక్క గాభరా పడలేదు. వెనక కూర్చుని అతని వీపును తన ఛాతీకి ఆనించుకుంది. సంచిలోంచి చూడకుండానే పీల్చే మందు పంపు తీసి నోట్లో పెట్టి నొక్కింది. వీపు రాస్తూ, "మెల్లగ... మెల్లగ పీల్చు" అంటోంది. రోజూ చేసే పనిలా చేస్తోంది.

సదానందం తల్లి చేతిలోని పంపు వైపు చూశాడు. "అవ్వా... గిదెప్పటి సంది?"

"నువ్వు డ్యూటీకి పోయినంక రోజు గిదే. నువ్వు ఇంట్లున్నప్పుడు వస్తే, ఇగ చాలు అని నవ్వుతవ్."

"నాకెందుకు చెప్పలేదే!"

"నేను చెప్పద్దన్న," అన్నాడు పోశం. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. "నిజమని తెలిస్తే... బాయి దిగుతుంటే నీకు భయమైతది బిడ్డ. నటిస్తున్న అనుకుంటే... నవ్వుకుంట దిగుతవ్."

సదానందం మెట్టు మీదే తండ్రి కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తున్నారని కూడా తోచలేదు. "ఎన్నిసార్లన్న బాపూ! ఎవలొచ్చినా దగ్గు దగ్గు అని... నిన్ను నేనే మంచానికి కట్టేసిన గదనే!" తర్వాత ముఖం తుడుచుకుని లేచాడు. "నడు, వాపస్ పోదాం. దవాఖానకు పోదాం."

పోశం మీసం తుడుచుకుని కొడుకును కింది నుంచి పైకి చూశాడు.

"వాపసా? గింత దూరమొచ్చి మెట్ల కాడికెళ్లి వాపస్ పోవాల్నా? బాయిల గింతకంటే ఎక్కువ మెట్లెక్కిన. బుద్ధుని ముంగట నిలవడ్డంకనే దవాఖాన. చెయ్యి పట్టు!"

ఒకవైపు సారక్క, ఇంకోవైపు సదానందం. మెట్టు మెట్టుకూ ఆగుతూ పోశం ఎక్కాడు. పైన గాలి గట్టిగా వీస్తోంది. ఫోటోలు తీసేవాడొకడు ఎదురొచ్చి కెమెరా ఎత్తగానే, అలవాటు కొద్దీ పోశం తువాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

సదానందం ఆ తువాలు తీసి తన భుజాన వేసుకున్నాడు. "మొఖం మంచిగ కనవడాలె" అన్నాడు ఫోటో అతనితో. సారక్క కొంగు సర్దుకుని, బుద్ధుడి కంటే నిటారుగా నిలబడింది.

దిగాక దవాఖానలో చూపించుకుని, రాత్రి బస్సుకు ఇల్లు చేరారు. సోమవారం పొద్దున ఆగయ్య ఆ దారిన వచ్చేసరికి పోశం మిరప మొక్కల పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ కుర్చీ బయట వేసింది సదానందమే. లోపల సుత్తి చప్పుడు వినిపిస్తోంది. గడప ఎదురుగా, వచ్చినవాళ్ల కంట మొదట పడే గోడ మీద ఫోటో తగిలించి, సదానందం బయటికి వచ్చాడు.

"రా కాకా, ఫోటో చూద్దువు. మా బాపు పడవెక్కిండు. అర్జీలు రాసేటోళ్లుంటే రాసుకొమ్మను. ఎంక్వైరీ వస్తే నేనే కుర్చీ ఏస్త."

పోశానికి దగ్గు తెర వచ్చింది. ఆగయ్య కన్ను గీటి నవ్వాడు. "నా ముంగట ఎందుకే పోశం! ఇగ చాలు తియ్యి."

సదానందం తండ్రి పక్కన వంగి, నిన్న తల్లి దగ్గర చూసినట్టే వీపు నిమరడం మొదలుపెట్టాడు.

"నవ్వకు కాకా. గీ దగ్గు మా బాపు నాకిచ్చిన నౌకరి."

ఆగయ్య నవ్వు ఆగిపోయింది. సారక్క లోపలి నుంచి మందు పంపు తెచ్చి కొడుకు చేతికిచ్చింది, ఎలా నొక్కాలో చూపించింది.