గురువారం పొగ

బొగ్గుల కొట్టంలో, బోర్లించిన బకెట్ కింద, జీపార్‌కి ఇంకా వెచ్చగా ఉన్న సిగరెట్ పీక దొరికింది.

ముట్టుకున్న వేళ్ళు వెనక్కి లాక్కుంది. మళ్ళీ ముట్టుకుంది. సందేహం లేదు. పక్కనే అంచు పగిలిన పాత టీ గిన్నె, అందులో బూడిద. ఎవరో తీరిగ్గా కూర్చుని కాల్చి, బూడిద గిన్నెలో దులిపి, పైన బకెట్ బోర్లించి వెళ్ళారు. ఒక్కసారి కక్కుర్తి పడ్డవాళ్ళు చేసే పని కాదది. రోజూ చేసే చేతుల పని.

పావుగంట కిందట ఈ కొట్టంలోంచి బొగ్గు మోసుకొచ్చింది ఆమె భర్త ఎర్మెక్. పొయ్యికి అది చాలలేదని ఆమె రెండోసారి వచ్చింది. రాకపోతే ఇది బయటపడేదే కాదు.

బొగ్గు సంగతి మర్చిపోయింది. మార్చి నెలలో నారీన్ కొండల చలి సంగతీ మర్చిపోయింది.

మూడేళ్ళ నాలుగు నెలల కిందట మామగారు జుమాలీ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మట్టి ఇచ్చి వచ్చిన రోజునే ఎర్మెక్ పెద్దల ముందు రొట్టె చేతపట్టి ఒట్టేశాడు. "మళ్ళీ సిగరెట్ ముట్టుకుంటే ఈ రొట్టె నన్ను కొట్టాలి" అన్నాడు. రొట్టె మీద ఒట్టేసి తప్పినవాడి పక్కన ఆ ఊళ్ళో కూర్చుని టీ కూడా తాగరు. పైగా ఇంట్లో ఏడేళ్ళ సెజిమ్ ఉంది. కాస్త సిగరెట్ పొగ తగిలితే చాలు, పిల్ల పిల్లిపిల్లలా గురగురలాడుతుంది. పోయిన గురువారం బడికి వెళ్ళేముందు, నాయనమ్మ తన శాలువా పిల్ల మెడకి చుడుతుండగానే ఊపిరందక మందు పీల్చాల్సి వచ్చింది. ఎందుకొచ్చిందో అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు అర్థమైంది. జీపార్ పీకని గిన్నెతో సహా తీసుకుని ఇంట్లోకి నడిచింది.

ఎర్మెక్ టీ తాగుతున్నాడు. సెజిమ్ బడికి వెళ్ళిపోయింది. పొయ్యి దగ్గర అతని తల్లి తాజీకాన్ పిండి వత్తుతోంది. ఇవాళ గురువారం. చనిపోయినవాళ్ళకి వాసన పంపే రోజు. నూనె కాచి ఏడు రొట్టెలు వేయిస్తే, ఆ వాసనే వాళ్ళకి భోజనం. మూడేళ్ళుగా ఒక్క గురువారం కూడా ముసలామె తప్పలేదు. పొద్దున్నే ఆర్చ చెట్టు ఎండుకొమ్మ ముట్టించి గదిగదికీ ఆ పొగ తిప్పి ఇల్లు శుద్ధి చేసింది కూడా.

జీపార్ గిన్నెని బల్ల మీద, రొట్టె పక్కన, ఠక్కున పెట్టింది.

"ఏంటిది?" అన్నాడు ఎర్మెక్.

"నువ్వే చెప్పు. వేడి తగ్గకముందే తెచ్చాను. గుర్తుపట్టడం తేలిక."

తాజీకాన్ ఇటు తిరిగింది. చేతిలో కర్ర ఆగిపోయింది. "రొట్టె పక్కన ఆ దరిద్రం ఏంటి కోడలా? తియ్యి!"

"తాగినవాణ్ణి తియ్యమనండి ఆపా."

ఆ ఇంట్లో కొడుకూ కోడలూ ఇద్దరూ ఆమెని ఆపా అనే పిలుస్తారు. అమ్మ అని. ఆపా మళ్ళీ పొయ్యి వైపు తిరిగిపోయింది.

ఎర్మెక్ గిన్నెలోకి చూశాడు. ముక్కుపుటాలు అదిరాయి. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, పాముని చూసినట్టు. "ఎక్కడిది?"

"ఆహా, ఏం నటన! కొట్టంలో బకెట్ కిందది. ఇందాక బొగ్గు కోసం వెళ్ళింది నువ్వా, మన పక్కింటి మేకా?"

"నేనే వెళ్ళాను. బొగ్గు తెచ్చాను. అంతే."

"అంతే? నువ్వు నడిపే వ్యాను పొగ వదుల్తుంది, నువ్వూ వదుల్తావు. ఇంటి మీద చిమ్నీ ఎందుకింక, దింపేద్దాం!"

"జీపార్, నేను ముట్టుకోలేదు."

"పోయిన గురువారం పిల్లకి ఊపిరి ఎందుకు ఆగిందో చెప్పు. అంతకుముందు గురువారం రాత్రంతా ఎందుకు దగ్గిందో చెప్పు. నేను పిచ్చిదాన్ని. చలిగాలి అనుకున్నాను. పిల్లని తిట్టాను, టోపీ పెట్టుకోలేదని!"

ఎర్మెక్ లేచి నిలబడ్డాడు. పొడగరి. తల దాదాపు దూలానికి తగులుతుంది. "కోటు తెచ్చి వాసన చూడు. నోరు చూడు. జేబులు చూడు." అంటూ జేబులోంచి గుప్పెడు కురుత్ ఉండలు తీసి బల్ల మీద పోశాడు. ఉప్పేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు, గులకరాళ్ళంత గట్టివి. నాలుగు దొర్లి కింద పడ్డాయి. "మూడేళ్ళుగా నా జేబులో ఉన్నది ఇదే. ప్రాణం లాగినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకుంటున్నా. దవడ పన్ను విరిగింది. నీకు చెప్పానా? చెప్పలేదు. నవ్వుతావని."

"పన్ను విరిగినవాళ్ళు సిగరెట్ తాగలేరా?"

"జనవరిలో దోలోన్ కనుమ మీద మంచు విరిగిపడింది గుర్తుందా? మా తోటి డ్రైవర్ మెలిస్ బండితో సహా దాని కింద ఉన్నాడు. అయిదు గంటలు తవ్వాను. వాడి చెయ్యి దొరికింది ముందు. తర్వాత మిగతా మనిషి." అతను తన అరచేతులు చూసుకున్నాడు. "డ్రైవర్లందరూ తాగుతున్నారు. ఒకడు ముట్టించి నా పెదాల మధ్య పెట్టాడు, జాలిపడి. ఉమ్మేశాను. ఆ రోజు తాగనివాణ్ణి. ఇవాళ, ఇంట్లో వెచ్చగా కూర్చుని, బకెట్ కింద దొంగలా తాగుతానా?"

ఆ రోజు ఇంటికొచ్చినప్పటి అతని ముఖం జీపార్‌కి గుర్తుంది. కానీ గిన్నె కళ్ళెదుటే ఉంది. పీక వేడి ఇంకా ఆమె వేళ్ళలోనే ఉంది.

"మరి ఎవరు తాగారు?"

"నాకేం తెలుసు!"

"అయితే రొట్టె పట్టుకో. మళ్ళీ ఒట్టెయ్యి."

"వెయ్యను."

"ఎందుకు?"

"ఒకసారి వేశాను! మూడేళ్ళు నిలబెట్టాను! వారానికోసారి వెయ్యడానికి అది ఒట్టా, టీయా?" ఎర్మెక్ పిడికిలితో బల్ల గుద్దాడు. గిన్నెలు ఎగిరిపడ్డాయి. "నీకు తెలియనిది ఇంకోటి చెప్పనా? ఈ చలికాలమంతా నాకు పిచ్చి పట్టినట్టుంది. శుక్రవారం బాగుంటాను. సోమవారం బాగుంటాను. గురువారం లేచేసరికి ముక్కులో అదే వాసన. ఆర్చ పొగ తిప్పినా దాని అడుగున అదే. ఆపా ఇచ్చే టీలో అదే. మూడేళ్ళయ్యాక కూడా ఇంతలా లాగుతుందా అని, డాక్టరుని అడగడానికి సిగ్గేసి ఊరుకున్నాను. లేని వాసన వస్తోందంటే నాన్నే పిలుస్తున్నాడేమో అనుకున్నాను."

పొయ్యి దగ్గర పిండి కర్ర కింద పడింది. ఎవరూ చూడలేదు.

ఎర్మెక్ ఒక్కసారిగా వంగి గిన్నెలోంచి పీక తీశాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు. పొడవాటి అట్టగొట్టం, చివర రవ్వంత పొగాకు. పాతకాలపు రకం. గొట్టాన్ని రెండు చోట్ల నొక్కి ఉంది, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా.

"ఇది నేను తాగిన రకం కాదు" అన్నాడు మెల్లిగా. "నాన్న తాగేది."

జీపార్ నవ్వింది. ఆ నవ్వులో జాలి లేదు. "ఓహో! అయితే మామగారి పాత బట్టల పెట్టెలోంచి దొంగిలించావన్నమాట. చచ్చిపోయిన మనిషి సామాను కూడా వదల్లేదు!"

ఎర్మెక్ పీకని తిరిగి గిన్నెలో పడేశాడు.

"నా బిడ్డకి ఊపిరి కావాలి" అంది జీపార్. "కొచ్కోర్‌కి మా అమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నా. బడి వదలగానే అటునుంచి అటే. నువ్వు తాగినందుకు కాదు. కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పినందుకు." లోపలికి వెళ్ళి సెజిమ్ బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. మందు గొట్టం పైన పెట్టింది.

ఎర్మెక్ గుమ్మంలో నిలబడి అది చూశాడు. చాలాసేపు కాదు. ఒక్క గౌను మడత పెట్టేంతసేపు.

"సరే" అన్నాడు.

బూట్లు తొడుక్కున్నాడు. కోటు వేసుకున్నాడు. మాట మరీ నెమ్మదిగా వచ్చింది. అరుపు కంటే అదే భయపెట్టింది. "శిక్ష ముందే వేసేశావు. ఇక నేరం కూడా చేసేస్తే సరిపోతుంది. మూల కొట్టుకి వెళ్తున్నాను. పాకెట్ కొని నడివీధిలో నిలబడి తాగుతాను. ఒకటి కాదు, ఇరవై. ఊరంతా చూడనీ. నువ్వు కూడా కిటికీలోంచి చూడు, సాక్ష్యం కావాలి కదా!"

"వెళ్ళు!" లోపలినుంచి జీపార్ అరిచింది. "ఎలాగూ అదే కావాలి నీకు!"

"అవును, అదే కావాలి! మూడేళ్ళుగా రోజూ అదే కావాలి! రోజూ కావాలనిపిస్తుంటే రోజూ వద్దనుకోవడం ఏమిటో నీకు తెలిసుంటే ఈ గిన్నె తెచ్చి నా ముందు పెట్టేదానివి కాదు!"

తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. గడియ తీయలేకపోయాడు. తలుపుకీ అతనికీ మధ్య తాజీకాన్ నిలబడి ఉంది. అతని ఛాతీ దాకా వచ్చే చిన్న మనిషి. పిండి చేతులు రెండూ తలుపుకి ఆనించి, సిలువలా.

"తప్పుకో ఆపా."

"తప్పుకోను."

"నువ్వూ నమ్మవు. తెలుసు. తప్పుకో."

"నమ్ముతాను. ఈ ఇంట్లో నిన్ను నమ్మగలిగేది నేనొక్కదాన్నే. ఎందుకంటే తాగింది నేను."

లోపల సంచి కింద పడిన చప్పుడు. జీపార్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆపా, కొడుకుని కాపాడడానికి మీరు..."

"నోరు మూసుకుని విను కోడలా. ఇవాళ నువ్వు చాలా మాట్లాడావు. నేను మాట్లాడలేదు. మాట్లాడాల్సింది నేను." తాజీకాన్ నడుముకి కట్టుకున్న తాళంచెవుల గుత్తి తీసి నేల మీద పడేసింది. "మీ మామ పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుంది? వాడి దగ్గరా? ఆలోచించావా? పొద్దున్నే ఆర్చ కొమ్మ కోసం ఆ కొట్టంలోకి ఎవరెళ్తారు? వాడి కంటే ముందు నేను వెళ్తాను. ఇవాళ వాడు బొగ్గు తెచ్చాక కూడా వెళ్ళాను, సగంలో ఆర్పింది మళ్ళీ ముట్టించడానికి.

"ఆకురాలు కాలం చివర్లో మీ నాన్న కల్లోకి వచ్చాడురా. ఇదిగో, ఈ గుమ్మంలోనే కూర్చున్నాడు. ఏడు రొట్టెలూ ముందు పెట్టాను. ముఖం తిప్పుకున్నాడు. రెండు వేళ్ళు ఇలా చాపాడు. నోరు తెరిచి అడగలేదు, బతికున్నప్పుడూ అడిగేవాడు కాదుగా, వేళ్ళు చాపేవాడు, నేను ముట్టించి ఇచ్చేదాన్ని. నలభై ఏళ్ళు నేనే ముట్టించి ఇచ్చాను. తిండికంటే ముందు పొగ పడాలి ఆయనకి. రొట్టె వాసన వెళ్తుందంటే ఆ వాసన మాత్రం వెళ్ళదా అనుకున్నాను. పెట్టె తెరిస్తే కోటు జేబులో పాకెట్లున్నాయి. గురువారానికి ఒకటి. నూనె పొయ్యి మీద పెట్టకముందే. ఎవరికీ కీడు లేదనుకున్నాను.

"కానీ అది రొట్టెలాంటిది కాదు. ముట్టించి గిన్నె అంచున పెడితే ఆరిపోతుంది. మళ్ళీ ముట్టిస్తే మళ్ళీ ఆరిపోతుంది. మనిషి ఊపిరి లాగితేనే మండుతుందది. అందుకని లాగాను. ఒక్క దమ్ము, ఆయన కోసం. దగ్గొచ్చి చచ్చాననుకున్నా. తర్వాతి గురువారం రెండు. ఆయన నొక్కినట్టే గొట్టం నొక్కడం నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి బుధవారం నిద్ర పట్టేది కాదు, గురువారం ఎప్పుడొస్తుందా అని. ఇప్పుడు మంగళవారం నుంచే. అప్పుడైనా అర్థం కావాలి కదా, ఇది ఆయన కోసం కాదని! అర్థమైంది. ఆర్చ పొగ ఇంకాస్త ఎక్కువ తిప్పాను. అంతే చేశాను.

"ఈ శాలువాతోనే పిల్ల మెడ చుట్టాను. ఈ చేతుల్తోనే నీకు టీ ఇచ్చాను. జనవరిలో నువ్వు మెలిస్‌ని తవ్వి ఇంటికొచ్చిన రోజు కూడా గురువారమేరా. నా భుజం మీద తలపెట్టి గట్టిగా ఊపిరి పీలుస్తూ వణికావు. ఏడుస్తున్నావనుకుని వీపు నిమిరాను. ఇందాక నువ్వు చెప్పేదాకా నాకు తెలియలేదు. నువ్వు ఏడవలేదు. నా శాలువాలో దాన్ని వాసన చూస్తూ దాంతో పోట్లాడుతున్నావు. ఆ కనుమ మీద ఎవరూ తప్పించలేని నీ ఒట్టుని ఇంట్లో నీ తల్లి తప్పించబోయింది.

"ఇవాళ జీపార్ గిన్నె తెచ్చి పెట్టినప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. రొట్టె పక్కన పెట్టొద్దని అరిచాను, పెద్ద శుద్ధమైనదాన్నిలా. నువ్వు తిట్లు తింటుంటే పిండి వత్తుతూ నిలబడ్డాను. డెబ్భై ఏళ్ళ ముసల్ది సిగరెట్ తాగిందంటే ఊరు నవ్వుతుందని నా భయం. కోడలా, సంచి విప్పు. ఈ ఇల్లు వదిలి వెళ్ళాల్సింది ఎవరైనా ఉంటే అది నేను.

"మీ నాన్న మీద నాకు ఎంత కోపమో తెలుసా? తాగి తాగి నన్ను ఒంటరిదాన్ని చేసి పోయాడు. పోయాక కూడా వేళ్ళు చాపుతున్నాడు. ఇంకోసారి కల్లోకి రానీ, ఆ వేళ్ళ మధ్య రొట్టె పెడతాను. తింటే తింటాడు, లేకపోతే పస్తుంటాడు.

"బయటికి వెళ్ళకురా ఎర్మెక్. నువ్వు ఇప్పుడు ఆ కొట్టుకి వెళ్తే ఇది మానడం నాకు నేర్పేవాడు ఎవడూ ఉండడు. మంగళవారం వచ్చేస్తుంది, నాకు భయంగా ఉంది. మూడేళ్ళు ఎలా ఆగావో నాకు చెప్పు. వివరంగా తర్వాత చెబుదువు. ముందు ఆ కింద పడ్డ కురుత్ ఒకటి తీసి నా చేతిలో పెట్టు."