వేళ్ళు గుర్తుపట్టిన బిళ్ళ

ఆ ఉదయం కూడా భోజనాల బల్ల మీద గిన్నె పెట్టడానికి చోటు లేదు. బల్ల నిండా చిల్లరే. అత్తగారు కుర్చీ ముందుకు లాక్కుని, భూతద్దం కంటికి ఆనించుకుని, ఒక్కొక్క బిళ్ళనీ తిప్పి చూసి పక్కకు జరుపుతున్నారు. బ్యాంకులో నోట్లిచ్చి తెచ్చుకున్న పొట్లాలవి. వేలల్లో ఒకటో రెండో అచ్చు తప్పినవి దొరుకుతాయి. వాటిని పాత నాణేల వ్యాపారికి అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయి. మిగతావి మళ్ళీ పొట్లం కట్టి బ్యాంకుకే.

"అత్తయ్యా, కాస్త ఆ మూలకి జరుపుకుంటారా? బడికి వేళవుతోంది," అంది కోడలు. ఆమె లెక్కల టీచరు.

"ఈ వరస అయిపోనీయమ్మా. మధ్యలో వదిలితే మళ్ళీ మొదటికొస్తుంది."

కోడలికి ఆ రోజు ఓపిక లేదు. ముందురోజు స్టాఫ్ రూమ్‌లో హెడ్మిస్ట్రెస్ గొంతు తగ్గించి అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది. మీ అత్తగారు కొట్లో గల్లాపెట్టె దగ్గర చిల్లర అడుగుతూ కనిపించారు, ఇంట్లో ఏమైనా ఇబ్బందా, అని.

"కొట్టు కొట్టుకీ తిరిగి చిల్లర అడుగుతున్నారట," అంది ఉండబట్టలేక. "మీకు చెయ్యి చాచాల్సిన ఖర్మ ఏమొచ్చింది? మేం సరిగ్గా చూడట్లేదని నలుగురూ అనుకోరా?"

అత్తగారు భూతద్దం బల్ల మీద పెట్టారు. "నోటిచ్చి చిల్లర తీసుకున్నాను. చెయ్యి చాచలేదు," అన్నారు.

తల తుడుచుకుంటూ వచ్చిన కొడుకు ఇద్దరి మొహాలూ చూసి, వచ్చిన దారినే స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు.

కోడలు విసురుగా బ్యాగు భుజాన వేసుకుంది. బస్సుకి చిల్లర లేదు. గుమ్మం పక్క అలమరలో, సాసరులో మూడు బిళ్ళలు కనిపిస్తే తీసుకుని బయటపడింది.

శనివారం ఒంటిపూట బడి. రెండింటికి ఇల్లు చేరేసరికి అత్తగారు అలమర ముందు నిలబడి ఉన్నారు. అందులోని సామానంతా నేల మీద ఉంది.

"ఇక్కడ విడిగా తీసిపెట్టిన మూడు బిళ్ళలుండాలి. నువ్వేమైనా చూశావా?"

"బస్సు టికెట్టుకి ఇచ్చేశాను. మూడు బిళ్ళలే కదా అత్తయ్యా, ఇదిగో," అంటూ పర్సు తెరిచింది.

ఆవిడ పర్సు వైపు చూడలేదు. మెల్లగా కూర్చున్నారు. "అందులో ఒకదాని మీద అచ్చు రెండుసార్లు పడింది. అలాంటిది దొరకడానికి నాలుగేళ్ళు పట్టింది. సోమవారం తెస్తానని వ్యాపారికి మాటిచ్చాను. ఆరు నెలల కంటి మందు వచ్చేది."

"మందుకి మమ్మల్ని అడిగితే కాదంటామా?"

"అనరు. అందుకే అడగాలనిపించదు."

కోడలికి పొద్దున తానన్నది గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

అత్తగారే లేచారు. "ఎన్నింటి బస్సు ఎక్కావు? ఎనిమిదింబావుదా? ఆ కండక్టరు మూడింటికి డ్యూటీ దిగుతాడు. సంచి డిపోలో అప్పజెబుతాడు. పద."

ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు కండక్టరుగా పనిచేశారని కోడలికి తెలుసు. కానీ ఆ డిపో గేటు దాటాక గానీ అదేమిటో అర్థం కాలేదు. కాపలా మనిషి లేచి నిలబడ్డాడు. బస్సు కింద పడుకున్న మెకానిక్కు ఆవిడ గొంతు విని బయటికి పాకి వచ్చాడు. "అక్కా, బాగున్నావా?" అని ఎవరెవరో పలకరిస్తున్నారు.

క్యాష్ రూమ్‌లో రేకు బల్లల మీద సంచులు బోర్లిస్తుంటే వాన పడ్డ చప్పుడు. అంత చిల్లర ఒక్కచోట కోడలు ఎన్నడూ చూడలేదు.

"ఆ బస్సు సంచి ఇదే అక్కా. ఇంకా విప్పలేదు," అన్నాడు క్యాషియరు. "పావుగంటలో బ్యాంకు వ్యాను వస్తుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

సంచి కుమ్మరించాడు. ఏడెనిమిది వందల బిళ్ళలు. ఒక్కోదానికి మూడు క్షణాలనుకున్నా అరగంట దాటుతుందని కోడలు మనసులోనే లెక్క కట్టేసింది. "భూతద్దం తెచ్చారా?"

"తెచ్చాను. దానితో అయ్యే పని కాదు," అన్నారు ఆవిడ. "ఆ బిళ్ళ అంచు మీద గీతలు ఒక గోరంత మేర చెరిగిపోయి ఉంటాయి. నువ్వు గుప్పెడు గుప్పెడు అందిస్తూ ఉండు."

అని కళ్ళు మూసుకున్నారు.

కోడలు అందించింది. ఎడమ అరచేతిలో పడ్డ బిళ్ళలు బొటనవేలి కిందుగా ఒకదాని వెనక ఒకటి గిర్రున తిరిగి కుడిచేతిలోకి జారుతున్నాయి. ఎక్కడా ఆగడం లేదు. కిక్కిరిసిన బస్సులో, చూపు జనం మీద ఉంచి, చిల్లర వేళ్ళతో చూసుకున్న చేతులవి. పక్క బల్లల దగ్గర లెక్కపెట్టేవాళ్ళు ఒక్కొక్కరే పని ఆపేశారు. గదిలో ఆ గలగల ఒక్కటే మిగిలింది.

కుప్ప చివరికి వస్తుండగా బొటనవేలు ఆగింది.

"ఇదే," అన్నారు ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

క్యాషియరుకి మామూలు బిళ్ళ ఒకటి బదులిచ్చి, దొరికినదాన్ని కోడలి చేతిలో పెట్టి, భూతద్దం అందించారు. కోడలు మొదటిసారి అందులోంచి చూసింది. సంవత్సరం అంకెల్లో ఒక్కొక్కదానికీ ఓ నీడ. బిళ్ళ మీది కంకి అప్పుడే గాలికి ఊగినట్టు రెండుగా ఉంది. ఎన్ని వందల చేతులు దాటిందో ఇది. పొద్దున తన చేతిని కూడా దాటిపోయింది. పిల్లలకు రోజూ అంకెలు చెప్పే తను ఆ అంకెల వైపు చూడనైనా చూడలేదు. వ్యాను హారన్ వినబడేదాకా ఆమె భూతద్దం దించలేదు.

సోమవారం సాయంత్రం అడగకుండానే అత్తగారి వెంట వ్యాపారి దుకాణానికి వెళ్ళింది. ముసలాయన బిళ్ళను దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారమ్మా దీన్ని?"

"మా కోడలి దగ్గర భద్రంగా ఉంది," అన్నారు అత్తగారు తడుముకోకుండా.

ఆ మాట అలా ఉండిపోతే తను చేసింది ఎవరికీ తెలియదని కోడలికి తెలుసు. అయినా "లేదండీ," అంది. "నేను బస్సులో ఇచ్చేశాను. ఎనిమిది వందల బిళ్ళల్లోంచి అత్తయ్య కళ్ళు మూసుకుని వెతికి తీశారు. నేను పక్కనే ఉన్నాను. చూశాను."

వ్యాపారి బిళ్ళను వదిలి అత్తగారి చేతుల వైపు చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కోడలికి కళ్ళు నిండిపోయాయి. "అత్తయ్యా, ఆ రోజు నేనన్న మాట..."

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. "ముందు కళ్ళు తుడుచుకో," అన్నారు చెవిలో. "బేరం ఇంకా కుదర్లేదు."